సొరుగులో పెట్టిన కొండదారి

ఆ లోయ పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాసి అనుభవించాను, చాలు. నల్లమలలో కృష్ణా నది కొండను నిలువునా కోసుకుంటూ పోయే చోట్లలో అదొకటి అని మాత్రం చెప్తాను. హైదరాబాదులో సగం మంది అక్కడికి పోయి ఫొటో దిగి వచ్చినవాళ్ళే. గేటు దగ్గర టికెట్టు, లోపల పిల్లలకు ఉయ్యాలలు, లోయ అంచున ఇనుప కడ్డీలు కట్టిన సిమెంటు గద్దె. ఆ గద్దె మీద నిలబడితే ఏరు కనిపిస్తుంది గానీ వినిపించదు. వెనక మొక్కజొన్న పొత్తులమ్మేవాడి కేక, బస్సు హారను, పిక్నిక్‌కు వచ్చినవాళ్ళ పాటలు. అంత దూరం పోయి మళ్ళీ అమీర్‌పేట చౌరస్తానే వినడానికి నేనేమన్నా పిచ్చోణ్ణా?

అప్పుడు నాకు అమీర్‌పేటలో జిరాక్స్ షాపు ఉండేది. మెయిన్ రోడ్డు వెనక సందులో, మెట్ల కింద చిన్న గది. పై అంతస్తుల నిండా కంప్యూటర్ కోర్సుల ఇన్‌స్టిట్యూట్‌లు. వాటి బ్యానర్లు పైనుంచి కిందిదాకా వేలాడి, మా బిల్డింగుకు కిటికీలున్న సంగతే జనం మరిచిపోయారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం కోస్తా నుంచీ తెలంగాణ జిల్లాల నుంచీ పిల్లలు సూట్‌కేసుతో బస్సు దిగి సరాసరి మా సందుకొచ్చే రోజులవి. పొద్దున ఏడింటికే జావా బ్యాచ్, దాని వెనకే టెస్టింగ్ బ్యాచ్. పొద్దంతా నా మెషీను గాజు కింద వెలుగు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది.

మా సందులో ఒక రివాజు ఉంది. ఎవరైనా ఫ్యాకల్టీ చెప్పిన నోట్సు కాపీకి తెస్తే, వాళ్ళడిగినన్ని వేసిచ్చి, ఒకటి ఎక్కువ వేసుకునేవాళ్ళం. ఆ ఎక్కువ కాపీని మాస్టర్ అంటారు. దాన్ని ఇనుప సొరుగులో దాచుకోవాలి. తర్వాతి బ్యాచ్ పిల్లలు వచ్చి ఫలానా సార్ మెటీరియల్ ఉందా అని అడిగితే మాస్టర్ తీసి కాపీలు వేసి ఇవ్వాలి. ఏ షాపువాడూ దీన్ని దొంగతనం అనుకోలేదు. నేనూ అనుకోలేదు. ఎవరి పర్మిషన్ తీసుకున్నారు అంకుల్ అని ఒక పిల్లగాడు అడిగితే, "గీ సొరుగుల పడ్డదానికి ఓనర్ ఉండడు బిడ్డా" అన్నాను. నోట్సు చెప్పిన సారు ఆ పూట నా స్టూలు మీదే కూర్చుని ఉన్నాడు. ఆయనే గట్టిగా నవ్వాడు.

ఆయనే నా స్నేహితుడు. గుంటూరు వైపు మనిషి, జావా చెప్పేవాడు, యూసుఫ్‌గూడలో అద్దె గదిలో ఉండేవాడు. సందులో ఆయన్ని అందరూ సార్ అనేవారు, నేను సారూ అనేవాణ్ణి, ఆయన నన్ను అన్నగారూ అనేవాడు. రెండు క్లాసుల మధ్య నా షాపులో వన్ బై టూ చాయ్. ఒక కప్పు చాయ్ రెండు గ్లాసుల్లో పోసుకుని తాగడం మాకు పొదుపు కాదు, అలవాటు.

నా బడి చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా నా మెషీను మీద పడ్డ కాగితాలే నేర్పాయి. ఇంగ్లీషు అక్షరాలు అప్లికేషన్ ఫారాల్లో నేర్చుకున్నాను. సివిల్ ఇంజనీరింగ్ పిల్లలు సర్వే నోట్సు కాపీకి తెస్తే, ఎత్తుపల్లాలను కాగితం మీద గీతలతో ఎలా చూపిస్తారో అందులో చూసి నేర్చుకున్నాను. ఎవరూ చెప్పలేదు. అందుకే నాకు రాత మీద అంత నమ్మకం. ఏదైనా రాసి పెట్టుకుంటేనే అది నాదైనట్టు.

నెలకొక ఆదివారం షాపు మూసి, మొదటి బస్సుకు లోయకు పోవడం నాకు మొదటినుంచీ ఉన్న పిచ్చి. సారు పరిచయమయ్యాక ఆయనా వచ్చేవాడు. జనం లేని దారి వెతకడంలో నాకు కొన్ని లెక్కలుండేవి. గేటుకు ముందు స్టాపులో, చిన్న చెంచు గూడెం దగ్గర దిగాలి, అక్కడ దాన్ని పెంట అంటారు. చూడటానికి నడిచే దారి వేరు, పని మీద నడిచే దారి వేరు. చూడటానికి నడిచే దారిలో గుట్కా ప్యాకెట్లు ఉంటాయి. పని మీద నడిచే దారిలో మేక పెంటికలుంటాయి, కట్టెల మోపు ఒరుసుకుపోయి చెట్ల బెరడు ఒక ఎత్తున నున్నగా ఉంటుంది. ఆ నునుపు పట్టుకుని పోవాలి. అలా పోయి పోయి రెండేళ్ళలో మూడు దార్లు దొరికాయి. మూడూ సగంలో ముళ్ళల్లో పడ్డాయి. నాలుగోది మాకు దొరకలేదు, ఒక పెద్దాయన చూపించాడు.

ఆయన చెంచు మనిషి. లోయ గోడకు పట్టిన కొండతేనె తీసేవాడు. మూడోదారి ముళ్ళల్లో మేం చిక్కుకుని తిట్టుకుంటుంటే పైనుంచి చూసి, ఏమీ అనకుండా దిగివచ్చి, చేయి పట్టి బయటికి లాగాడు. తర్వాత రెండు మూడు నెలలు మమ్మల్ని గమనించాడట. మేం అరవం, తాగం, పాట పెట్టం. ఒకరోజు ఆయనే "రాండ్రి" అని ముందు నడిచాడు.

ఆ దారి ఒక బండ పగులులోంచి దిగి ఏటికి మనిషెత్తు పైన ఒక అరుగు మీద ఆగుతుంది. అక్కడ కూర్చుంటే నీళ్ళ చప్పుడు రెండుసార్లు వినిపిస్తుంది, ఒకసారి ఏట్లోంచి, ఒకసారి ఎదురు గోడ నుంచి. ఆ గోడకే తేనెపట్లు. నల్లగా, చాటలంత. తేరిపార చూస్తే అవి కదులుతున్నట్టుంటాయి.

"అంత ఎత్తు నుంచి ఎట్ల దిగుతవ్ పెద్దన్నా?" అని అడిగాను.

"తాడు కట్టి దిగుత. పైన నా బామ్మర్ది పట్టుకుంటడు."

"అన్నదమ్ములు పట్టుకోరా?" అన్నాడు సారు.

"అన్నదమ్ముడు ఇడిస్తే ఇడుస్తడు. బామ్మర్ది ఎట్ల ఇడుస్తడు? వాని చెల్లె ముండమోస్తది గదా." పెద్దాయన సారు వైపు గడ్డం చూపించి నన్నడిగాడు. "గీయన నీకు ఏమైతడు?"

"దోస్తు."

"బామ్మర్ది గాదా?"

సారు పడీ పడీ నవ్వాడు. పెద్దాయన కూడా కొంచెం నవ్వాడు. తర్వాత మాటడిగాడు. మీరిద్దరు రండి, మూడో మనిషి వద్దు. తేనెటీగ ఉన్నప్పుడు ఇక్కడ గొంతెత్తొద్దు. గోల విన్న ఈగ లేచిందంటే ఆ ఏడు మళ్ళీ గోడ మీద వాలదు, మా పొయ్యి మీద కుండా వాలదు. నేను మాటిచ్చాను. సారు నా పక్కనే నిలబడి ఉన్నాడు. తల ఊపాడు. నాకు బాగా గుర్తు, ఎడమచేత్తో కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఊపాడు.

ఇంటికొచ్చి ఆ దారినంతా ఒక పొడుగు నోటుబుక్కులో వేశాను. బండ పగులు, జంట మద్దిచెట్లు, ఎక్కడ కుడిచేయి పట్టుకోవాలి, ఎక్కడ కూర్చుని జారాలి. ఎత్తుపల్లాల గీతలు వేశాను. కింద "ఇక్కడ మాట్లాడరాదు" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. పన్నెండు పేజీలు. నా జన్మలో అంత మంచి పని ఇంకోటి చేయలేదు. దాన్ని ఎక్కడ పెట్టాలి? నాకు విలువైనదేదైనా పెట్టుకునే చోటు ఒక్కటే ఉంది. మడత పడదు, చెద పట్టదు, తాళం ఉంటుంది. మాస్టర్ల సొరుగులో పెట్టాను.

ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. ఇన్నేళ్ళు షాపు నడిపినవాణ్ణి, ఆ సొరుగు దేనికో నాకు తెలియదా?

కొన్నాళ్ళకు మా ఆవిడకు కంటి ఆపరేషన్ అయింది, పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో. నాలుగు రోజులు నేను అక్కడే. "మీరు వెళ్ళండి అన్నగారూ, షాపు నేను చూసుకుంటాను" అని సారు తాళాలు తీసుకున్నాడు. క్లాసుల మధ్యలో వచ్చి కూర్చున్నాడు, పిల్లలకు కాపీలు వేసిచ్చాడు. అంత చదువుకున్న మనిషి నా స్టూలు మీద కూర్చుని పేజీలు తిప్పాడంటే నా కడుపు నిండిపోయింది. మా ఆవిడకు కట్టు విప్పిన రోజు నేను మొదట చెప్పింది ఆ సంగతే.

తర్వాత ఆయన లోయకు రావడం తగ్గింది. పంజాగుట్టలో సొంతంగా ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. ఫ్లైఓవర్ స్తంభాలు లేస్తున్న రోజులు, ఆ దుమ్ములో ఇంత దూరం ఏం వస్తాడులే అనుకున్నాను. నేనొక్కణ్ణే పోయి ఆ అరుగు మీద కూర్చుని వచ్చేవాణ్ణి.

ఒక గురువారం మధ్యాహ్నం ఒక అమ్మాయి షాపుకొచ్చింది. మెడలో సారు ఇన్‌స్టిట్యూట్ కార్డు.

"అంకుల్, ఇది ముప్పై సెట్లు కావాలి. స్పైరల్ వద్దు, పిన్ కొట్టండి చాలు. పంజాగుట్టలో కరెంటు లేదు."

కాగితాలు తీసుకుని గాజు మీద పెట్టబోయి ఆగిపోయాను. జంట మద్దిచెట్లు. నా మద్దిచెట్లు. కింద నా గుండ్రటి అక్షరాలు. మొదటి పేజీ మాత్రం కొత్తది, కంప్యూటర్‌లో కొట్టింది. వీకెండ్ బ్యాచ్ ట్రెక్, ఎవరూ చూడని దారి, దాని కింద సారు పేరు.

"ఎవరు గీసిండ్రమ్మా ఇది?"

"మా సార్. ఆయనే కనుక్కున్నారంట ఈ దారి. ఆదివారం మా బ్యాచ్‌ని తీసుకెళ్తున్నారు."

"ముప్పై మందినా?"

"ముప్పై రెండు. మీరూ వస్తారా అంకుల్?" ఆ పిల్ల మంచిదే. నవ్వుతూ అడిగింది.

ఎవడో దొంగిలించి ఆయనకు ఇచ్చుంటాడని నా మనసు అప్పటికీ ఆయన్నే కాపాడుతోంది. షాపు దగ్గరికి వచ్చిన కాగితాన్ని వెనక్కి పంపడం నాకు చేతకాదు. మొదటి పేజీ తీసి, రెండో పేజీ గాజు మీద పెట్టి మీట నొక్కాను. కాపీ బయటికొచ్చింది. కుడి అంచున నల్లటి సన్న గీతలు రెండు, పక్కపక్కనే.

నా మెషీను గాజు మీద ఒక గీర ఉంది. ఏళ్ళ కిందట పిన్ను గీరుకుని పడింది. నేను వేసే ప్రతి కాపీ మీదా కుడి అంచున ఒక గీత పడుతుంది. మా సందులో ఎవరినడిగినా చెప్తారు, గీత ఉంటే నా షాపు కాపీ అని. రెండు గీతలు పడ్డాయంటే, నా గాజు మీద వేసిన కాపీనే మళ్ళీ నా గాజు మీద పెట్టారని. దొంగ నా షాపులోనే, నా స్టూలు మీదే కూర్చుని, నా కరెంటుతో, మా ఆవిడ కంటికి కట్టుతో పడుకున్న రోజుల్లో వేశాడు.

ముప్పై సెట్లూ వేసి, పిన్ కొట్టి, ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. ఎందుకు వేశావురా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతాను. చేతులు వేసేశాయి, అంతే. ఆమె సందు మలుపు తిరిగాక షట్టర్ దించి, పంజాగుట్టకు నడిచాను.

సారు చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి కుర్చీ లాగాడు. "ఏంటి అన్నగారూ, ఎండలో నడిచే వచ్చారా? రెండు చాయ్, ఫుల్" అని పిలిచి చెప్పాడు. అన్నేళ్ళలో ఆయన నాకు విడిగా కప్పు చెప్పింది ఆ ఒక్కరోజే.

"సారూ, ఆదివారం బస్సు ఆపాలె."

ఆయనకు అర్థమైంది. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "బస్సు మాట్లాడేశాను. అందరికీ చెప్పేశాను."

"నా పుస్తకం ఎప్పుడు కొట్టిన్రు? మా ఇంటామె దవాఖాన్ల ఉన్నప్పుడా?"

"ఆ. అప్పుడే."

"అడిగితే ఇస్తుంటి గదా."

"ఇచ్చేవారు కాదు. అందుకే అడగలేదు."

తడుముకోకుండా చెప్పాడు. అబద్ధమాడి ఉంటే నాకు కొంచెం ఊరటగా ఉండేదేమో.

"మాటిచ్చిన దారి సారూ అది."

"మీరిచ్చారు. నేనివ్వలేదు."

"పక్కన్నే నిలవడి తలకాయ ఊపలే?"

చాయ్ వచ్చింది. ఇద్దరం ముట్టుకోలేదు. ఆయన గొంతు తగ్గించాడు. "అన్నగారూ, ఎనిమిదేళ్ళు నా నోట్సు అమ్మారు మీరు. అమీర్‌పేటలో ఏ రూముకెళ్ళినా నా చేతిరాతే. కింద నా పేరు లేదు, కుడి పక్కన మీ గీత ఉంటుంది. నేను ఒక్కరోజన్నా అడిగానా?"

"అది వేరు, గిది వేరు."

"ఏం వేరు? ఆ సొరుగులో పడ్డదానికి ఓనర్ ఉండడని మీరే అన్నారు. నేను అక్కడే కూర్చున్నాను."

"మరి ఆనాడు నవ్విన్రు గదా."

"ఏం చేయమంటారు? ఏడవమంటారా?"

ఏం వేరో చెప్పే మాట, ఎన్నో కాగితాలు చదివాననుకున్న నాకు, మర్నాడు షాపు తుడుస్తుంటే దొరికింది. నోట్సును వెయ్యిమంది చదివినా అది అరగదు సారూ, దారి అరుగుతుంది. ఆ మాట హోటల్లో అనాల్సింది. అప్పుడు అన్నది మాత్రం ఇంకోటి. "ఒక్కడు గొంతెత్తినా ఈగ లేస్తది. ఆ పెద్దమనిషి ఏం తినాలె?"

"మాట్లాడొద్దని మెటీరియల్‌లో ఉంది కదా, మీరు రాసిందే. పిల్లలు చదువుకున్నవాళ్ళు, అరవరు."

లేచి వచ్చేశాను. నా చాయ్ అక్కడే మిగిలింది. నోట్సు లెక్క ఏదైనా ఉంటే ఆయన నా మీద నోట్సుతోనే తీర్చుకుని ఉండవలసింది. మా ఇంటి కష్టంలో తాళాలు తీసుకుని కాదు. ఇన్నేళ్ళైనా ఈ ఒక్క విషయంలో నేను మెత్తబడలేదు, పడను కూడా.

మీరు అడుగుతారు, ఆదివారం మొదటి బస్సుకు పోయి ఆ దారికి అడ్డంగా ఎందుకు నిలబడలేదు అని. నేనూ అడుగుతాను. ఆ పెద్దాయన ముఖం చూసి, ఇది నా పుస్తకంలోంచే వచ్చింది అని చెప్పే ధైర్యం లేకపోయింది. షాపు తీసుకుని కూర్చున్నాను.

మంగళవారం ఆ అమ్మాయే వచ్చింది. పెదవి, ఒక కన్ను వాచిపోయి ఉన్నాయి. ఏదో సర్టిఫికెట్ కాపీకి వచ్చింది.

"ఏమైందమ్మా?"

"తేనెటీగలు అంకుల్. అందరం బానే ఉన్నాం, కొంచెం వాచింది అంతే. అక్కడ ఎకో బాగా వస్తుందని అరిచాం. ఒకరు అరిస్తే అందరూ అరిచారు."

"మాట్లాడొద్దని రాసుండె గదా."

"మేం మాట్లాడలేదు అంకుల్. ఊరికే హో అన్నాం." కాపీ మడిచి సంచిలో పెట్టుకుంటూ, "ఎవరో ముసలాయన వచ్చాడు. గోనెపట్టాలు కప్పి ఒక్కొక్కళ్ళనీ బయటికి తెచ్చాడు. అసలేమీ మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది" అంది.

నెల తిరిగాక పోయాను. పెంట దగ్గర బస్సు దిగి నేరుగా ఆయన గుడిసెకు నడిచాను. వాకిట్లో కూర్చుని వెదురు బద్దలతో గంప అల్లుతున్నాడు. తేనె తీసే కాలంలో ఆయన గంపలు అల్లడం నేనెన్నడూ చూడలేదు. నన్ను చూసి లేవలేదు. పొమ్మనీ అనలేదు.

"బువ్వ తిన్నవా?" అన్నాడు.

"తిన్న పెద్దన్నా." తినలేదు.

బద్ద వెనక బద్ద గంపలోకి పోయింది. పిల్లల చేతుల్లోంచి జారిన సెట్టు ఒకటి ఆయన చూరులో గుచ్చి ఉంది. ఆయనకు చదువు రాదు. బొమ్మలు చూసే అర్థమై ఉంటుంది, ఆ మద్దిచెట్లు, ఆ పగులు.

"నీ చేతి రాతేనా?"

"నాదే. నేను పంచలే పెద్దన్నా. ఆ దోస్తు నాకు తెల్వకుండ..."

చేయెత్తి ఆపాడు. ఆ దోస్తు సంగతి ఆయనకు అక్కర్లేదు. ఆయన దారి చూపించింది నాకు.

"ఎన్నిసార్లు నడిచినవ్ గా దారి?"

"ఇరవై సార్లు ఉంటది."

"ఇరవై సార్లు నడిచినంక సుత, రాయకుంటే యాదుండదా నీకు?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. లేచి నిలబడ్డాను. ఆయన గంప తిప్పి కొత్త వరస మొదలుపెట్టాడు.

దారి మొదట్లోకి పోయాను. బండ పగులుకు అడ్డంగా రేగుకంప కొట్టి ఉంది. పశువులు చేలో పడకుండా కొట్టినట్టు, మొదళ్ళు లోపలికి, ముళ్ళు బయటికి, నడుమెత్తున. ఎదురు గోడ అక్కడినుంచే కొంత కనిపిస్తుంది. పట్లు లేవు. అవి ఉన్నచోట మరకలున్నాయి. గాలికి ఒక కొమ్మ పక్కకు జరిగి, మనిషి ఒదిగి దూరేంత సందు ఉంది. ఏటి చప్పుడు అందులోంచి వస్తోంది. చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు, నేనెప్పుడూ కోరుకున్నట్టే.

ఆ కొమ్మను చేత్తో పట్టి లాగి సందు మూశాను. బొటనవేలిలో ముల్లు విరిగింది. బస్సులో పంజాగుట్ట దాకా దాన్ని తీయాలని చూశాను, రాలేదు. రాత్రి మా ఇంటామె, ఆపరేషన్ అయిన కన్ను చికిలించి, సూదితో తీసింది. ఎక్కడ గుచ్చుకుందయ్యా అని అడిగింది. చెప్పలేదు.